పొడుపుకథ కాయ

మిరియాల్లో ఎండు బొప్పాయి గింజలు కలిపి అమ్మడం మన బజార్లలో పాత మోసమే. ఎండి ముడతలు పడ్డ బొప్పాయి గింజ చూపుకు అచ్చం మిరియం. అదే నలుపు, అదే గుండ్రం, దాదాపు అంతే సైజు. ఒకసారి పావు కిలో తెచ్చాను. చారులో ఘాటు తగలకపోయేదాకా నాకు అనుమానమే రాలేదు. అమ్మ గుప్పెడు తీసి గ్లాసుడు నీళ్లలో వేసింది. కొన్ని అడుగుకు దిగాయి, కొన్ని పైన తేలాయి. తేలినదాన్నీ మునిగినదాన్నీ బ్లేడుతో కోసి పక్కపక్కన పెడితే ఇక వాదనకు చోటు లేదు. మిరియం పూర్తి కాయ: పైన ఎండిపోయిన తొక్కా గుజ్జూ, లోపల ఒకే ఒక గింజ. రెండోది ఉత్త గింజ, దాని కాయ ఎక్కడో జ్యూస్ బండి దగ్గరే ఉండిపోయింది. ఒకటి పండు, ఒకటి విత్తనం. ఆ రెండు మొక్కల మధ్య, రెండూ పూలు పూస్తాయన్న వరస తప్ప, దగ్గరి చుట్టరికం ఏదీ లేదు.

ఇదే పరీక్ష ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి కాయకు పెట్టాల్సి వస్తే? అది నీళ్లలో తేలదు, రాయి. రుచి లేదు, వాసన లేదు. అది కాసిన చెట్టు లేదు, ఆకు పక్కన లేదు. అయినా దానికి ఒక పేరు పెట్టాలి, ఒక కుటుంబంలో కూర్చోబెట్టాలి. శిలాజ ఫలాలను గుర్తించేవాళ్ల పని అదే. ఆ పనిలో ఎంతవరకు ధైర్యం చెయ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నది నూరేళ్లుగా నలుగుతున్న తగువు. దాన్ని తూచి చూడటానికి మన దేశంలోనే మంచి తక్కెడ ఉంది: మధ్యప్రదేశ్ ఛింద్వారా జిల్లాలోని మొహగావ్ కలాన్ ఊరు, దాని చుట్టుపక్కల నాగపూర్ దాకా దొరికే చెకుముకి రాళ్లు.

దక్కన్ పీఠభూమి లావా సంగతి మనకు కొత్త కాదు. మన నల్లరేగడి నేలల్లో చాలా భాగం ఆ లావా రాయి చివికి ఏర్పడినవే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట మొదలైన ఆ ప్రవాహాలు ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. ఒక పాయ రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి అదేనని, వెయ్యి కిలోమీటర్ల దూరం నదీలోయల వెంట పారి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. అయితే ఆ లావా ఒక్క దఫాలో పారలేదు. ఒక పొర చల్లారాక మరో పొర వచ్చేలోపు వేల ఏళ్లు గడిచిన సందర్భాలున్నాయి. ఆ విరామాల్లో పల్లంలో చెరువులు కట్టాయి, గట్ల మీద చెట్లు మొలిచాయి, కాయలు రాలి నీళ్లలో పడ్డాయి. చుట్టూ ఉన్న లావా నుంచి నీళ్లలోకి దిగిన సిలికా ఆ కాయల కణకణంలోకీ ఇంకి గట్టిపడింది. ఆ తరువాత మీద ఇంకో లావా పొర. రెండు పొరల నడుమ ఇరుక్కున్న ఈ చెరువు మట్టినే ఇంటర్‌ట్రాపియన్ పొరలంటారు. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో ఇలాంటి పొరలోనే డైనోసార్ల కాలపు చిట్టి క్షీరదం పళ్లు దొరికాయి. 1988లో దానికి డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టారు.

ఆ హిస్లోప్ నాగపూర్‌లో ఉన్న స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లోప్. 1850ల్లో మతబోధతో పాటు రాళ్లూ ఏరుకున్నాడు. ఆ రాళ్లలో కాయలూ గింజలూ చాలా ఉన్నాయి. 1863లో ఒక వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఆయన ఏరిన కాయలు మాత్రం లండన్ చేరి, అక్కడి మ్యూజియం సొరుగుల్లో నిలిచిపోయాయి.

రాయిగా మారిన కాయలో ఒక సుఖం ఉంది. అది ఉత్త ముద్ర కాదు, లోపలి కణాల గోడలు కూడా మిగిలి ఉంటాయి. రాతిని రంపంతో కోసి, అరగదీసి, పలచని పలకగా మార్చి సూక్ష్మదర్శిని కింద పెడితే అరలు ఎన్నో, ఒక్కో అరలో గింజలు ఎన్నో, టెంక ఎంత మందమో, తొక్కలో పీచు ఏ వైపు పరిగెత్తిందో కనిపిస్తుంది. లేదంటే కోసిన ముఖాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కొద్దిసేపు ఉంచుతారు. సిలికా కొంచెం కరిగి, కణాల గోడలు వెంట్రుకవాసి పైకి తేలతాయి. దాని మీద పలచటి సెల్యులోజ్ పొర అంటించి ఊడదీస్తే కాయ లోపలి బొమ్మ ఆ పొరకు అంటుకుని వస్తుంది. మళ్లీ అరగదీత, మళ్లీ ఆమ్లం, మళ్లీ పొర. ఇలా వరసగా డజన్ల కొద్దీ తీస్తారు. ఎముకలను కూడా వదలని ఆమ్లం అది. సరైన వసతుల్లేని ప్రయోగశాలల్లో చేతి తొడుగులే దిక్కుగా దానితో పనిచేసిన తరాలున్నాయి. ఈ రంగంలో పాత వాళ్ల తప్పొప్పులు ఎంచేటప్పుడు నేను ఆ సంగతి మర్చిపోలేను.

ఇక తగువు.

ఒక పక్షం మాట ఇది. ఆకు మోసం చేస్తుంది, కాయ చెయ్యదు. ఒకే చెట్టు మీద రకరకాల ఆకులుంటాయి. ఎండకూ వానకూ తగ్గట్టు ఆకు ఆకారం మారుతుంది. పువ్వూ కాయా మాత్రం వంశపు ముద్ర మోస్తాయి. కనుక కాయ లోపలి నిర్మాణం బతికున్న ఒక కుటుంబంతో కలిస్తే ఆ కుటుంబం పేరు ధైర్యంగా చెప్పాలి. చెప్పకపోతే ఆ రాయి ఉన్నా లేనట్టే. ఏ మొక్క ఎప్పుడు పుట్టింది, ఏ ఖండం నుంచి ఏ ఖండానికి వెళ్లింది, ఆ చెరువు గట్టున ఎండ ఎంత, తేమ ఎంత అనే ప్రశ్నలన్నీ పేరు పెట్టాకే మొదలవుతాయి.

ఈ పక్షానికి దక్కన్ ఇచ్చిన గట్టి సాక్షి ద్రాక్ష. ఈసారి గింజలున్న ద్రాక్ష తిన్నప్పుడు ఒక గింజ ఉమ్మెయ్యకుండా చేతిలో పెట్టుకుని చూడండి. కడుపు వైపు పక్కపక్కనే రెండు పొడుగాటి గుంటలుంటాయి. వీపు మీద చెంచా గుంట లాంటి మచ్చ ఒకటి. ఈ రెండు గుర్తులూ కలిసి ఉండటం ద్రాక్ష కుటుంబం సొంతం. మన కంచెల మీద పాకే నల్లేరు కూడా ఆ ఇంటిదే. 2013లో స్టీవెన్ మాంచెస్టర్, దశరథ్ కాప్‌గటే, జున్ వెన్ దక్కన్ చెకుముకి రాళ్లలోని కాయల్లో ఈ గుర్తులున్న గింజలను చూపించి, ఇండోవైటిస్ చితలేయే అని పేరు పెట్టారు. నాగపూర్‌లో ఈ రాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి, తరువాత అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియంలో స్థిరపడిన శ్యా చితలే పేరు మీద పెట్టిన పేరది. ప్రపంచంలో తెలిసిన అతి పాత ద్రాక్ష కుటుంబపు ఫలాలు అవే. అప్పటికి హిమాలయాలు లేవు, ఇండియా సముద్రం మధ్య ఒంటరి ద్వీపం. ద్రాక్ష వంశం మూలాలను వెతికేవాళ్లు ఆ ద్వీపాన్ని లెక్కలోకి తీసుకోక తప్పని పరిస్థితి ఈ గింజ తెచ్చిపెట్టింది. 2024లో కొలంబియాలో 6 కోట్ల ఏళ్ల నాటి ద్రాక్ష గింజ బయటపడి లిథౌవా అనే పేరు తెచ్చుకుంది. దాన్ని పట్టించినవీ గింజ మీది గుర్తులే. గుర్తులు ఇంత తేటగా ఉన్నప్పుడు గుర్తింపు నల్లేరు మీద బండి నడక. అలాంటి చోట కూడా నోరు విప్పకపోతే దాన్ని వినయమని నేను అనను.

తాటి కథ ఇంతకన్నా రుచికరం. తాటికాయ కోస్తే మూడు ముంజెలు. ముదిరితే మూడు టెంకలు. పాతరేస్తే ఒక్కో టెంక నుంచి ఒక్కో తేగ. ఈ మాత్రం వివరం తెలిసిన గోదావరి జిల్లాల పిల్లవాడికి తాటి కుటుంబపు కాయలను గుర్తించే శాస్త్రం సగం తెలిసినట్టే. ఎందుకంటే అక్కడ అడిగే ప్రశ్నలు అవే. కాయలో గింజ ఒకటా, మూడా? టెంక ఎంత మందం? మొలక బయటికి వచ్చే దారి టెంకలో ఎక్కడుంది? గుజ్జులో పీచు ఎలా అల్లుకుంది? 1982లో దక్కన్ నుంచి ఒక కాయకు హైఫీనియోకార్పాన్ ఇండికం అని పేరు పెట్టారు. హైఫీనే అంటే కొమ్మలు చీలే తాటి. ఆఫ్రికాలో విరివిగా, మన దేశంలో గుజరాత్, డయ్యూ తీరాన కొద్దిగా కనిపిస్తుంది. ‘హైఫీనే లాంటి కాయ’ అన్నదే ఆ పేరుకు అర్థం. పేరు పెట్టినవాళ్లు పోలిక చెప్పారు, బంధుత్వం ఖాయం చెయ్యలేదు. 2019లో కెల్లీ మత్సునాగా, సెలీనా స్మిత్ బృందం ఆ కాయలను ఎక్స్-రే మైక్రో సీటీ యంత్రంలో పెట్టి, కొయ్యకుండానే లోపలంతా చూసి, బతికున్న తాళజాతుల కాయలతో లక్షణం వెంట లక్షణం పోల్చారు. అది నిజంగానే మన తాటి ఉన్న తెగలోదేననీ, అందులో హైఫీనే ఉన్న శాఖకే చెందుతుందనీ తేలింది. దాంతో తాళవృక్షాల వంశంలో కొమ్మలు ఎప్పుడు చీలాయన్న డీఎన్ఏ లెక్కలను వెనక్కి జరపాల్సి వచ్చింది. 1982 నాటి ఊహ 37 ఏళ్ల తరువాత నెగ్గింది.

డీఎన్ఏ లెక్కల మాట వచ్చింది కనుక, ఒక్క అడుగు దేశం దాటుతాను. మన పొలం గట్ల మీద బుడ్డలాంటి పొరలో చిన్న పండు దాచుకునే కుప్పంటి మొక్క తెలుసు కదా. దాని జాతి ఫైసాలిస్. అర్జెంటీనా పటగోనియాలో, లగూనా దెల్ హుంకో అనే చోట, 5.2 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో అదే బుడ్డ, అవే ఈనెలు, లోపల నొక్కుకుపోయిన పండుతో సహా దొరికింది. దొరికినవి రెండే. 2017లో పీటర్ విల్ఫ్ బృందం దానికి ఏ ‘కార్పాన్’ తోకా తగిలించకుండా, నేరుగా బతికున్న జాతి పేరే పెట్టి ఫైసాలిస్ ఇన్ఫినెముండి అంది. అప్పటికి డీఎన్ఏ లెక్క ప్రకారం ఫైసాలిస్ వయసు సుమారు కోటి ఏళ్లు. వంకాయ, మిరప, టమాటా అన్నీ ఉన్న ఆ కుటుంబం మొత్తానికే సుమారు 3 కోట్ల ఏళ్లు. రెండు బుడ్డకాయలు ఆ గడియారాన్ని గోడ మీంచి దింపేశాయి.

ఇంతవరకూ చదివినవాళ్లకు ధైర్యం పక్షమే సరైనదనిపిస్తే ఆశ్చర్యం లేదు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. పేరు పెట్టే ముందు ఆగమనే రెండో పక్షం దగ్గర కథలు ఇంత మెరుపుగా ఉండవు. ఓడిపోయిన ఊహల జాబితా అది, ఎవరూ పండగ చెయ్యరు. అయినా దాని బరువు ఎక్కువ.

ముందుగా, మనం చూస్తున్నది కాయేనా? కాతేరు పొరల్లో ఇసుక రేణువంత, చుట్టూ మరమేకులా గీతలు తిరిగిన గుండ్రటి సున్నపు పూసలు దొరుకుతాయి. వీటిలాంటి పూసలను ఐరోపాలో చూసిన లమార్క్ అంతటి ప్రకృతి శాస్త్రవేత్త చిన్న జీవి గవ్వ అనుకుని గైరోగోనైటిస్ అని పేరు పెట్టాడు. తరువాత తెలిసింది, అవి చెరువుల్లో పెరిగే కారా అనే నాచు మొక్క బీజకోశాలని. గవ్వా కాదు, పూలమొక్క కాయా కాదు. పేరు మాత్రం ఇప్పటికీ చెలామణిలో ఉంది.

అసలు దెబ్బ విరాకార్పాన్ దగ్గర తగులుతుంది. పొత్తులాంటి కాడ చుట్టూ చిన్న కాయలు ఒత్తుగా అమరిన ఈ కాయల గుత్తి దక్కన్ రాళ్లలో పేరున్నదే. ఒక దాని పేరు విరాకార్పాన్ హెక్సాస్పెర్మం, ఆరు గింజలది. నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తల చేతుల్లో తిరిగింది. ఎందరో కోశారు, గీశారు, రాశారు. ఒకరు చూసిన గోడ ఇంకొకరికి అరగా కనిపించింది. కోత అడ్డంగా పడితే ఒక బొమ్మ, నిలువుగా పడితే ఇంకో బొమ్మ, ఏటవాలుగా పడితే మూడో బొమ్మ. ఉల్లిపాయను మూడు రకాలుగా కోసి మూడు కూరగాయలని చెప్పినట్టయింది. విరాకార్పాన్‌లో నాలుగు రకాలున్నాయని లెక్క తేలింది. 2018లో మత్సునాగా బృందం పాత మూల నమూనాలను మళ్లీ తీయించి, మైక్రో సీటీతో మొత్తం కాయను మూడు కొలతల్లో కట్టి చూపించింది. నాలుగు కాదు, నిలిచేవి రెండే అని తేల్చింది. అంతటితో ఆగలేదు. మెక్సికోలోని కోవావీలా ప్రాంతంలో, దక్కన్ కన్నా పాతదైన పొరలో దొరికిన కాయల గుత్తి ఒకటుంది. దాన్ని 2008లో ఫైటోలాకేసీ అనే ద్విదళబీజ మొక్కల కుటుంబానికి చేర్చి కోవావిలోకార్పాన్ అన్నారు. అది కూడా విరాకార్పానే అని ఈ బృందం అంది. అంటే ద్విదళబీజం ఏకదళబీజమైంది. చిక్కుడు అనుకున్నది వరి వైపు వచ్చి కూర్చుంది. ఇది చిన్న సవరణ కాదు. పూలమొక్కల ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద గోడ లేదు.

మరి విరాకార్పాన్ ఏ కుటుంబం? ఇంత యంత్రం, ఇంత శ్రమ తరువాత వాళ్లు చెప్పిన జవాబు: ఇదమిత్థంగా తెలియదు. ఇలాంటి లక్షణాల కలయిక ఇప్పుడు బతికున్న ఏ మొక్కలోనూ లేదు. నీటిమొక్కలు ఎక్కువగా ఉండే అలిస్మటేలిస్ క్రమంలో అంతరించిన శాఖ కావచ్చు. ‘కావచ్చు’ అన్న ఆ మాట దగ్గరే రెండో పక్షం తన అసలు వాదన పెడుతుంది. మొదటి పక్షం ప్రతి శిలాజాన్నీ బతికున్న ఎవరో ఒకరి బంధువుగా చూస్తుంది. కానీ ఆరున్నర కోట్ల ఏళ్లలో వంశాలకు వంశాలే తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్లను ఉన్నవాళ్ల ఇంటిపేర్లతో పిలిస్తే, పోయినవాళ్లు ఉన్నారన్న సంగతే మనకు తెలియకుండా పోతుంది. రెండో పక్షం దగ్గర నేను విన్న వాదనల్లో ఇది అన్నిటికన్నా లోతైనది. దీనికి మొదటి పక్షం దగ్గర సరైన జవాబు లేదని నా అభిప్రాయం.

పేరు ఒక్కటే పొరపాటైతే ఫరవాలేదు. పేరు మీద కట్టిన మేడల సంగతి? బీర్బల్ సాహ్ని మన దేశపు శిలాజ వృక్షశాస్త్రానికి పెద్దదిక్కు. 1930ల్లో ఆయన, దక్కన్ లావా క్రెటేషియస్ కాలానిది కాదు, ఆ తరువాతి టర్షియరీదని వాదించాడు. ఆయన సాక్షుల్లో తాళజాతులు, నీపా కాయలు ఉన్నాయి. నీపా అంటే సుందరబన్, అండమాన్ వైపు ఉప్పుటేరుల్లో బురదలో పెరిగే పొట్టి తాటి. లండన్ దగ్గర షెప్పీ దీవి బంకమట్టిలో నీపా కాయలు కుప్పలుగా దొరుకుతాయి. ఎలియనార్ రీడ్, మార్జొరీ చాండ్లర్ 1933లో ఆ మట్టిలోని కాయలూ గింజల మీద ప్రచురించిన పెద్ద గ్రంథం ఇప్పటికీ ఈ రంగానికి పునాది. ఆ మట్టి టర్షియరీలో భాగమైన ఇయోసీన్ కాలానిది. ఇక్కడా నీపా, అక్కడా నీపా, కనుక కాలం కూడా అటువంటిదే. ఆనాటికి ఇది మంచి తర్కమే. తరువాత రాతిలోని రేడియోధార్మిక గడియారాలు, అయస్కాంత గుర్తులు, డైనోసార్ ఎముకలు వచ్చి లావాను క్రెటేషియస్ చివరి గట్టు మీదికి తెచ్చి నిలబెట్టాయి. కొంత లావా గట్టుకు ఇవతలా, కొంత అవతలా. సాహ్ని పూర్తిగా తప్పలేదు గానీ, ఇయోసీన్ మాత్రం కాదు. కాయ పోలిక నిజమే అయినా, ఆ కాయ వయసు ఇంతేనని మనం అనుకున్నది తప్పు. నీపా మనం అనుకున్నదానికన్నా చాలా ముందు నుంచే భూమి మీద ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది. మొహగావ్ కలాన్‌లో నీపా ఉందంటే ఉప్పునీళ్లు దగ్గర్లో ఉండాలి. దేశం నడిబొడ్డున సముద్రమా? కాయ పేరును పట్టుకుని తీరరేఖ గీయడం అతి అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ 2009లో గెర్టా కెల్లర్ బృందం అదే ఛింద్వారా జిల్లాలోని ఝిల్మిలి పొరల్లో సముద్రంలో తేలుతూ బతికే సూక్ష్మజీవుల గవ్వలు చూపించింది. సముద్రపు పాయ ఏదో లోపలిదాకా చొచ్చుకొచ్చిందని వాళ్ల మాట. కాయ చెప్పిన కాలం తప్పింది. కాయ చెప్పిన నీటి రుచి మాత్రం సరైనదే కావచ్చు. ఒకే సాక్షి ఒక ప్రశ్నకు అబద్ధం, ఇంకో ప్రశ్నకు నిజం చెప్పినట్టుంది. కోర్టులో అయితే ఇలాంటి సాక్షిని తోసిపుచ్చుతారు. శిలాజాల దగ్గర ఆ వీలు లేదు, వేరే సాక్షి దొరకడు.

ఈ రెండు పక్షాల మధ్య దారి ఒకటి సాహ్ని చేతిరాతలోనే ఉందని నాకు అనిపిస్తుంది. 1943లో ఆయన మొహగావ్ కలాన్ కాయ ఒకదానికి ఎనిగ్మోకార్పాన్ పరిజై అని పేరు పెట్టాడు. ఒడిశాకు చెందిన వృక్షశాస్త్రవేత్త ప్రాణకృష్ణ పరిజా పేరు మీద పెట్టింది. ఎనిగ్మోకార్పాన్ అంటే అక్షరాలా పొడుపుకథ కాయ. పేరులో ఆయన ఏ కుటుంబానికీ వాగ్దానం చెయ్యలేదు. వ్యాసంలో మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. గోరింట, దానిమ్మ ఉన్న లిత్రేసీ కుటుంబం వైపు మొగ్గు చూపి, ఆ కుటుంబపు శిలాజ చరిత్రనంతా అదే వ్యాసంలో తిరగేశాడు. అంటే చీటీ మీద పొడుపుకథ, లోపల తన విప్పు. ఆ విప్పు రేపు తప్పని తేలితే వ్యాసాన్ని సరిదిద్దుకుంటారు, చీటీ మార్చక్కర్లేదు. మరుసటి ఏడు వి.బి. శుక్లా అదే ఊరి రాళ్ల నుంచి సాహ్నియాంతస్ అనే పువ్వును వివరించి, దానికీ ఈ కాయకూ ఉన్న సంబంధం చూపాడు. పువ్వు అండాశయంలోని ఏర్పాటూ కాయలోని ఏర్పాటూ కలిశాయి. కాయను గుర్తించడానికి కాయ ఒక్కటే చాలదన్న పాఠం అందులో ఉంది. పువ్వు దొరికితే కాయకు పుట్టిల్లు దొరికినట్టే.

పేర్లలోని ఈ తేడాలు చదువరికి చిన్నవిగా తోచవచ్చు. 1963లో ఆర్.కె. జైన్ దక్కన్ కాయ ఒకదానికి మూసా కార్డియోస్పెర్మా అన్నాడు. మూసా అంటే మన పెరటి అరటి జాతే. ఆ ఒక్క పదంతో, అరటి జాతి అప్పటికే ఇప్పటి రూపంలో ఉందన్న వాదన అచ్చయిపోతుంది. ఇండోవైటిస్ అంటే, ద్రాక్ష ఇంటిదే గాని ద్రాక్షే కాదు. హైఫీనియోకార్పాన్ అంటే, పోలిక ఉంది, మిగతాది చూద్దాం. ఎనిగ్మోకార్పాన్ అంటే, నన్నడక్కండి. ఒక్కో పేరు వెనక ఒక్కో పూచీకత్తు. బ్యాంకులో హామీ సంతకం పెట్టే ముందు ఆలోచించినంత ఆలోచన ఇక్కడా అవసరమే. ఎందుకంటే డీఎన్ఏ గడియారాలు సరిచేసేవాళ్లు ఈ పేర్లను పట్టికల్లోంచి ఎత్తి నేరుగా లెక్కలో వేస్తారు. వాళ్లలో ఎంతమంది రాతి పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు? పొడుపుకథ అని రాసి ఉన్న దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. అరటి అని రాసి ఉంటే వేస్తారు.

అందుకని కుటుంబం దాకా సాక్ష్యం ఉంటే కుటుంబం దాకే, జాతి దాకా ఉంటే జాతి దాకా పేరు వెళ్లాలని నేననుకుంటాను. ద్రాక్ష గింజ మీది రెండు గుంటల్లాంటి, ఒక కుటుంబానికే చెందిన గుర్తు కనిపిస్తే జంకక్కర్లేదు. ఆకారం, సైజు, గింజల లెక్క లాంటివే చేతిలో ఉంటే పొడుపుకథగా వదలడమే మేలు. మిరియం, బొప్పాయి గింజల తగువు ఆ లక్షణాలతోనే కదా వచ్చింది. ఇలా చెప్పేసరికి నేను ఆగమనేవాళ్ల పక్షం చేరినట్టు వినిపిస్తుంది. పూర్తిగా కాదు. ముందు తరాల ధైర్యాన్ని ఎద్దేవా చేసే ధోరణి ఈమధ్య పెరిగింది, అది నాకు నచ్చదు. చేతిలో కోసిన రాయి, కిటికీ వెలుతురులో సూక్ష్మదర్శిని, పోల్చడానికి విదేశీ ఎండు నమూనాలు అందుబాటులో లేని కాలేజీ మ్యూజియం. ఆ పరిస్థితిలో వాళ్లు గీసిన బొమ్మలే లేకపోతే ఇవాళ మైక్రో సీటీలో పెట్టడానికి ఏ రాయిని ఎంచుకోవాలో కూడా తెలిసేది కాదు. మూల నమూనాలు భద్రంగా ఉన్నాయి కనుకనే విరాకార్పాన్ లెక్క తిరగరాయడం సాధ్యమైంది. తప్పు పేరును ఎప్పుడైనా దిద్దవచ్చు. పలకలుగా కోసేసి, మిగతా ముక్క పారేసి, సీసాల మీద చీటీలు ఊడిపోయిన కాయను ఎవరూ దిద్దలేరు.

యంత్రం వచ్చింది కదా, ఇక కోతలెందుకు అనేవాళ్లకూ ఒక మాట. ఎక్స్-రేకు తేడా తెలిసేది సాంద్రత తేడా ఉన్నచోటే. కణం గోడా, కణం లోపల నిండినదీ ఒకే సిలికాగా మారిపోయిన చోట యంత్రానికి కనిపించేది నిండు బూడిదరంగే. అలాంటి రాయి దగ్గర పాత ఆమ్లం, పాత సెల్యులోజ్ పొరే గతి. షెప్పీ దీవి కాయలకు ఇంకో రోగం. వాటిలో నిండింది సిలికా కాదు, పైరైట్. తడిగాలి తగిలితే పైరైట్ కుళ్లి, మ్యూజియం సొరుగులోనే కాయ పొడిగా రాలిపోతుంది. గాలి తగలకుండా ద్రవాల్లో ముంచి దాస్తారు. మన చెకుముకి రాళ్లకు ఆ బెడద లేదు. వాటికున్న బెడదల్లా రంపపు పన్ను మందమే. ప్రతి కోతకూ ఆ మందాన కాయ పొడై నీళ్లలో పోతుంది, ఆ పొడిలో ఏ అర గోడ పోయిందో ఎవరికీ తెలియదు.

సాహ్ని లక్నోలో తాను స్థాపించిన సంస్థ భవనానికి 1949 ఏప్రిల్ 3న నెహ్రూ చేత శంకుస్థాపన చేయించాడు. ఆ శంకుస్థాపన రాయిలోనే శిలాజాలను పొదిగించాడు. ఆ తరువాత వారానికే, ఏప్రిల్ 10న కన్నుమూశాడు. ఆయన పొడుపుకథ కాయను లిత్రేసీ ఇంటివైపు నడిపించిన ఊహ ఇప్పటికీ నిలిచే ఉంది. విరాకార్పాన్‌కు మాత్రం ఇంకా ఇల్లు దొరకలేదు. మెక్సికోలోనూ ఇండియాలోనూ దొరికిందంటే ఆ మొక్క ఒకప్పుడు చాలా దూరం పాకి ఉంటుంది. మధ్యలో ఉన్న దేశాల మ్యూజియాల్లో ఏదో ఒక సొరుగులో, వేరే కుటుంబం పేరు రాసిన చీటీ కింద, అది ఇంకొకటి పడి ఉండవచ్చు.